ఒంటిచేత్తో ఆపిన నురగ

అత్తిబెలె,
సోమవారం.

బొమ్మనహళ్ళి జెరాక్స్ అంగడి పాపక్కగారికి అత్తిబెలె రామయ్య నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ, మీ ప్రింటరూ క్షేమమని తలుస్తాను.

మీ అంగడి గోడ మీద “మార్పులు నోటితో చెప్పరాదు, కాగితం మీద రాసి ఇవ్వవలెను” అని బోర్డు ఉంది కాబట్టి ఫోను చేయకుండా రాస్తున్నాను. మా ఫ్యాక్టరీ బస్సు నడిపే స్టాన్లీ ఈ ఉత్తరం తెచ్చి ఇస్తాడు. జవాబు కూడా అతని చేతికే ఇవ్వండి.

సంగతి మీరు తయారుచేసిన నా బయోడేటా గురించి. అది ఇంగ్లీషులో ఉంది గనక మా అమ్మాయి చైత్ర చదివి అర్థం చెప్పింది. వింటూ వింటూ మా ఆవిడ అనసూయ, “ఎవురప్పా ఈయన? ఇంత పనిమంతుడు మనింట్లో ఎప్పుడూ కనపళ్ళేదే” అంది.

నా పని గురించి నేను మీకు చెప్పింది మూడే ముక్కలు. గిన్నెలు తోమే సబ్బునీళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీలో ప్లాంట్ ఆపరేటరుగా ఉన్నాను. ట్యాంకులు, పంపులు, వాల్వులు చూసుకుంటాను. పంపు శబ్దం వింటే లోపల ఏది చెడిందో తెలుస్తుంది. ఈ చివరి ముక్కను మీరు అభిరుచుల కింద “సంగీతం” అని వేశారు.

అంతకంటే పెద్దది నురగ సంగతి. కొన్నేళ్ళ కిందట మా ట్యాంకు పొంగి, వాననీళ్ళలో కలిసి, నురగ గేటు దాటి రోడ్డు మీదకు పోయింది. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నానని మాత్రమే చెప్పాను. మీరేమో “నురగ వరదను ఒంటిచేత్తో ఆపి ప్లాంటును కాపాడారు” అని అన్నిటికంటే పైన లావు అక్షరాలతో కొట్టారు. దయచేసి తీసేయండి.

నెలాఖరుకు మా ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. జిగణి వైపు కొత్తగా పెట్టిన సబ్బు ప్లాంటులో ఈ ఉద్యోగం రాకపోతే, వైట్‌ఫీల్డులో మా బామ్మర్ది హరీశ్ నడిపే పీజీ హాస్టల్లో మేనేజరుగా చేరాలి. మేనేజరంటే పొద్దున్నే సాఫ్ట్‌వేరు పిల్లలకు ఇడ్లీలు వడ్డించడం. వాడు నన్ను “బావా” అని మర్యాదగానే పిలుస్తాడు. ఆ పిలుపు వెనకాలే ఏదో ఒక పని ఉంటుంది. వాడి కింద చేయడం నావల్ల కాదక్కా. నా పరువు మీ చేతిలో ఉంది.

ఇట్లు,
రామయ్య

తా.క.: సంగీతం కూడా తీసేయండి. నేను స్నానాల గదిలో కూడా పాడను.

*

బొమ్మనహళ్ళి,
మంగళవారం.

రామయ్య తమ్ముడికి పాపక్క ఆశీస్సులు. నేను క్షేమం. ప్రింటరుకు జలుబు చేసి కాగితాలు చీదుతోంది.

నీ ఉత్తరం చదివాను. నువ్వు గొప్ప చెప్పుకోవు, నన్ను చెప్పనివ్వవు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది నీ వరస.

రెజ్యూమేను అక్కడ చూసేవాడు ఎంతసేపు చూస్తాడనుకున్నావు? ఒక్క ఆవులింత సేపు. ఆ ఆవులింత సగంలో ఆగిపోవాలి. “వాల్వులు చూసుకున్నాను” అంటే ఆగుతుందా? ఉన్నాను, చూసుకున్నాను, వెళ్ళాను అనే మాటలు నా అంగడిలో టైపు చేయను. నడిపించాను, తగ్గించాను, కాపాడాను అనాలి. పైగా వాళ్ళ ప్రకటనలో ఏ మాటలుంటే మన కాగితంలోనూ అవే ఉండాలి. వాళ్ళు ప్రతి వాక్యంలోనూ “భద్రత, భద్రత” అని మొత్తుకున్నారు. రోడ్డెక్కిన నురగను ఆపడం కంటే భద్రత ఏముంటుంది?

నువ్వు రాసిచ్చిన చీటీలో “చెడు అలవాట్లు లేవు, నిదానస్తుణ్ణి” అని ఉంది. అది పెళ్ళివారికి పనికొస్తుంది తమ్ముడూ, ప్లాంటుకు కాదు. నిదానస్తుడివంటే మెషీను కూడా నిదానంగా నడుపుతావనుకుంటారు.

కాబట్టి నురగ తీయను. ఇడ్లీలు వడ్డించాలని ఉంటే చెప్పు, అప్పుడు తీస్తాను.

ఆశీర్వదించి,
పాపక్క

తా.క.: సంగీతం తీసే వీల్లేదు. అది తీస్తే కింద ఖాళీ వచ్చి పేజీ బోడిగా కనపడుతుంది.

*

అత్తిబెలె,
శుక్రవారం.

పాపక్కగారికి రామయ్య నమస్కారాలు. క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ ఉత్తరం చూసి అనసూయ మీ పక్షం చేరింది. సరేనని బయోడేటా కవరులో పెట్టాను. మా ఫ్యాక్టరీలో చాలామంది ఆ కొత్త ప్లాంటుకే అర్జీ వేస్తున్నారు గనక, అందరి కవర్లూ స్టాన్లీ పట్టుకుపోయి ఇస్తానన్నాడు. నిన్న బస్సులో పక్క సీటు వెంకటగిరియప్ప తన కాగితం తీసి గర్వంగా పైకి చదివాడు. “నురగ వరదను ఒంటిచేత్తో ఆపి...” అది నాది కదప్పా అన్నాను. వెనక సీటువాడు లేచి అది తనదన్నాడు. ఆ పైన ఒక్కొక్కరూ కవర్లు చించారు. బస్సు బస్సంతా ఒంటిచేత్తో నురగ ఆపినవాళ్ళే.

గలాటా ముదిరి చొక్కాలు పట్టుకునేదాకా పోయింది. స్టాన్లీ బస్సు పక్కకు తీసి నిలబెట్టి, మా అందరినీ ఒకసారి చూసి అన్నాడు: “ఇంతమంది ఆపినాంక కూడా ఆ నురగ రోడ్డుకి ఎట్ల వచ్చిందప్పా?”

అందరం చొక్కాలు వదిలి కూర్చున్నాం. కొత్త కవర్లు కొని అవే కాగితాలు అంటించి ఇచ్చాం. వేరే కాగితాలు ఎవరి దగ్గరున్నాయి? ఇంటర్వ్యూకు అందరినీ ఒకే రోజు రమ్మన్నారని స్టాన్లీ ఇవాళ కబురు తెచ్చాడు. నేను ఎట్లా ముఖం చూపించేది?

ఇట్లు,
మీ రామయ్య

తా.క.: క్యాంటీన్ నర్సమ్మ కాగితంలోనూ నురగ ఉంది.

ఇంకో తా.క.: అందరి అభిరుచీ సంగీతమేనని కూడా బస్సులో తేలింది.

*

బొమ్మనహళ్ళి,
శనివారం.

రామయ్య తమ్ముడికి పాపక్క ఆశీస్సులు.

నురగ ఏమైనా నీ పట్టా భూమా? అంత నురగను ఒక్కడి పేరున రాసుకుంటానంటే ఎట్లా? నిజం చెప్పాలంటే ఆ వాక్యం నువ్వు రాకముందు నుంచే నా అంగడిలో ఉంది. దాని పుణ్యాన పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళున్నారు. పెద్దవాళ్ళకు పనికొచ్చిన మాట నీకు చేదయిందా?

బస్సులో కొట్టుకోవడం మాని పంచుకోండి. వెంకటగిరియప్పను బండ్లు ఆపానని చెప్పమను. నర్సమ్మ అందరికీ ధైర్యం చెప్పానంటుంది. వాల్వు కట్టేసింది నువ్వు. నాకు ముందు ఉత్తరం రాసినవాడివి నువ్వే కాబట్టి వాల్వు నీకు ఇస్తున్నాను. ఏ చేత్తో అని అడిగితే తడుముకోకుండా కుడిచెయ్యి అను.

ధైర్యంగా వెళ్ళు.

పాపక్క

తా.క.: కుడిచెయ్యి బాగా గుర్తుంచుకో. ఎడమచెయ్యి స్టాన్లీకి ఇచ్చాను. అతనూ వేస్తున్నాడు.

*

అత్తిబెలె,
గురువారం.

పాపక్కగారికి రామయ్య రాస్తున్నది.

ఇంటర్వ్యూ అయింది. ఉద్యోగం పోయింది. రానిది పోయిందనడం తప్పయినా నాకు అట్లాగే అనిపిస్తోంది.

మేనేజరు పేరు మోహన్‌కుమార్. మావాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు లోపలికి పోయి వచ్చారు. పంచుకోమన్న మీ మాట ఎవరూ వినలేదు, అందరూ వాల్వే కట్టొచ్చారు. చివర నన్ను పిలిచాడు. సంగీతం అని ఉందే, ఎవరి దగ్గర నేర్చుకున్నావని మొదలుపెట్టాడు. పంపు దగ్గర అన్నాను. శబ్దాన్ని బట్టి ఏది చెడిందో చెప్పడం గురించి కొంచెం వివరించాను. ఆయనకు నచ్చినట్టే ఉంది, నవ్వాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

తర్వాత, నురగ నువ్వు కూడా ఆపినావా అని అడిగాడు. కుడిచెయ్యి అనే అనుకున్నానక్కా. నోరు వేరేది అనేసింది.

“లేదు సార్. అందరం గేటు తట్టు పారిపోయినాము. అంతలో కరెంటు పోయింది. పంపు నిలిచిపోయింది, నురగ నిలిచిపోయింది. వాల్వు తావకి ఎవురూ పోలేదు.”

ఆయన ముఖంలో రంగు మారింది. లేచి తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు: “ఎవురూనా? పక్క కాంపౌండు నుంచి కూడా ఎవురూ రాలేదా?”

ఎవరూ రాలేదన్నాను. నా ఫైలు మూసేసి, ఇంక పొమ్మన్నాడు. బయటికొచ్చి బస్సెక్కాక నాకు ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పినవాళ్ళంతా టీ తాగుతూ నవ్వుకుంటున్నారు. నిజం చెప్పిన నేను సోమవారం పోయి ఇడ్లీలు వడ్డించాలి. మీ మీద కోపం లేదు. నా నోటి మీదే ఉంది.

రామయ్య

తా.క.: హరీశ్ అప్పుడే నాకు ఏప్రన్ కొనుక్కొచ్చాడు. అది సరిగ్గా సరిపోయింది. అదే ఎక్కువ బాధగా ఉంది.

*

బొమ్మనహళ్ళి,
శనివారం.

రామయ్య తమ్ముడికి పాపక్క ఆశీస్సులు. ఏప్రన్ విప్పి పక్కన పెట్టి చదువు.

నిన్న సాయంత్రం మీ మోహన్‌కుమార్ నా అంగడికి వచ్చాడు. గుమ్మం బయటే బూట్లు విప్పాడు. జెరాక్స్ అంగడిలోకి బూట్లు విప్పి వచ్చే మేనేజరుకు ఏదో భయం ఉందని నాకు అర్థమైంది.

అతను నాకు పాత గిరాకీ. నురగ వచ్చిన రోజుల్లో మీ పక్క కాంపౌండులోని ఫ్యాక్టరీలో చిన్న ఉద్యోగం చేసేవాడు. ఈ కుర్చీకి అర్జీ పెట్టినప్పుడు రెజ్యూమే రాసింది నేనే. “పక్క ప్లాంటు గోడ దూకి నురగ వరదను ఒంటిచేత్తో ఆపారు” అని కొట్టాను. గోడ అతనికోసం ప్రత్యేకంగా పెట్టాను. మీవాళ్ళంతా వచ్చి తన వాల్వును తామే కట్టామంటుంటే దొంగలనుకుని లోపల్లోపల నవ్వుకున్నాడట. నువ్వు వాల్వు దగ్గరికి ఎవరూ పోలేదనేసరికి చెమటలు పట్టాయట.

ఆ వాక్యం నా కంప్యూటర్లోంచి తీసేయమని బతిమాలాడు. నేను గోడ మీది బోర్డు చూపించాను. ఏ వాక్యం, ఎందుకు తీయాలో కాగితం మీద రాసివ్వమన్నాను. పెన్ను తీశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పాపం, తన అబద్ధాన్ని తన చేత్తోనే ఎట్లా రాసిస్తాడు?

చివరికి సంచిలోంచి ఒక కవరు తీసి ఇచ్చాడు. “ఆ మనిషి బయట ఉండేదానికన్నా గేటు లోపల ఉండేదే మేలక్కా” అన్నాడు. అది నీ అపాయింట్‌మెంట్ ఆర్డరు. ఈ ఉత్తరంతోనే స్టాన్లీ చేతికి ఇస్తున్నాను. సోమవారం చేరాలి. నురగ మాట ఎత్తకూడదన్నది ఒక్కటే షరతు. పంపు సంగతి మాత్రం అతనికి నిజంగానే నచ్చిందట, అది కూడా చెప్పమన్నాడు.

హరీశ్‌కు ఏప్రన్ ఉతికి తిరిగివ్వు.

నీ మేలు కోరే,
పాపక్క

తా.క.: ఈ కవరు అంటిస్తుంటే జోగయ్య అని ఒకాయన వచ్చాడు. లైన్‌మన్‌గా రిటైరయ్యాడు, మీ కొత్త ప్లాంటులోనే ఏదైనా పనికి వేస్తాడట. చెప్పుకోదగ్గది ఏం చేశారని అడిగితే తల దించుకున్నాడు. “చెప్పుకునేదానికి ఏముందమ్మా? ఒకతూరి జోరు వానలో వేరే లైనుది తీయబోయి, అత్తిబెలెలో ఆ సబ్బు ఫ్యాక్టరీ ఫ్యూజు పీకేసినా. మెమో ఇచ్చినారు” అన్నాడు. రెండో చేత్తో స్తంభం పట్టుకుని ఉన్నాడట. “నురగ వరదను ఒంటిచేత్తో ఆపారు” అని టైపు చేశాను. ఇన్నేళ్ళలో ఆ వాక్యాన్ని సరైన మనిషికి రాయడం ఇదే మొదలు. అభిరుచి మాత్రం సంగీతమే వేశాను.