మడమ ముందా, వేళ్ళు ముందా

ప్రియమైన ఇల్కాకు,

ఫోదోర్ బోర్బాలా అనే నేను, ఎనభై ఒక్క ఏళ్ళదాన్ని, చనిపోయిన గెర్గేయ్ భార్యను, చెప్పి రాయిస్తున్న ఉత్తరం. ఇంట్లో నేనూ, ఒక కుంటి బాతూ ఉంటాం. రాస్తున్నది చర్చిలో పాటలు పాడించే దేనెష్.

మన ఊరి జంట నాట్యాలమీద పుస్తకం రాయడానికి కొలొజ్వార్ పట్నం నుంచి చాబా అనే ఆయన వచ్చాడు. నెమ్మది తిరుగుడు అనే ఆట చూపించమన్నాడు. మోకాలు నొప్పెడుతున్నా వేసి చూపించాను. ఆడదాని కుడికాలి వేళ్ళు ముందు నేలకు తగలాలి, తలమీద నీళ్ళగిన్నె పెట్టినా తొణకకూడదు. ఆయన నవ్వాడు. పట్నంలో ఇల్కా అవ్వ మడమ ముందు వేయమని నేర్పుతోందట, రెండొందలమంది అలాగే ఆడుతున్నారట. ఒసే, నీ ఆటకంటే మా బాతు నడక నయం. ఈస్టర్ తర్వాత ఆయన నీ దగ్గరికి వస్తాడు. తప్పు నేర్పానని ఒప్పుకో. మన ఊరి అడుగు నా పేరుమీద పుస్తకంలోకి ఎక్కాలి.

నీ చిన్ననాటి స్నేహితురాలు,
బోర్బాలా


ప్రియమైన బోరీ,

నీ గొంతు కాగితంమీద కూడా అరుస్తూనే ఉంది.

నువ్వు చెప్పిన అడుగే నిజం. పంతొమ్మిదేళ్ళదాకా నేనూ అలాగే వేశాను. ద్రాక్షకోతల ఆటల్లో "ఇల్కా గెర్గేయ్‌తో ఆడనందిరా" అని మగపిల్లలకు చెప్పిందెవరు? నేనా మాట అనలేదు. కాదన్న పిల్లకు మన ఊళ్ళో ఏం చేస్తారో నీకు తెలుసు. పన్నెండుమంది ఒకడి చేతిలోంచి ఒకడు లాక్కుని, ఊపిరి తీసుకోనివ్వకుండా తిప్పారు. బూటు చిరిగి మూడు వేళ్ళు విరిగాయి. ఫిడేళ్ళవాళ్ళు వెళ్ళగొట్టే పాట అందుకుంటే, ఊరంతా చూస్తుండగా గుమ్మం దాటాను. నువ్వు గోడవారన నిలబడి చప్పట్లతో ఆ పాటకు తాళం వేశావు. ఏడాది తిరక్కుండా గెర్గేయ్‌ని చేసుకున్నావు.

ఆ వేళ్ళు మళ్ళీ నేలకు ఆనలేదు. అందుకే మడమ. నాకు పిల్లల్లేరు, ఆ రెండొందలమందే నావాళ్ళు. చాబా వస్తే అడుగూ చెబుతాను, దాని వెనక కథా చెబుతాను.

ఇల్కా


ప్రియమైన ఇల్కాకు,

నీ ఉత్తరం చదివి, "నిజమేనా అవ్వా?" అన్నాడు దేనెష్. "ఆ పన్నెండుమందిలో మీ నాన్న ఒకడు" అన్నాను. ఉత్తరం మడిచి నాకిచ్చేశాడు. వెళ్ళగొట్టే పాట వాయించినవాడి కూతురు రోజాలియానూ పిలిపించాను. తండ్రి పేరు బయటికి రాకూడదని ఆమె సాక్ష్యానికి ఒప్పుకుంది.

చాబా ఇంకా ఇక్కడే ఉన్నాడు. ముసలితనంలో మరిచిపోయాను నాయనా, మడమే మా అవ్వల నాటి అడుగు అని బైబిలుమీద చెయ్యి వేసి చెప్పాను. వీళ్ళిద్దరూ అవునన్నారు. నీ పేరుమీదే రాసుకున్నాడు. పుస్తకం నీదే, ఉంచుకో.

ఇప్పుడు చెప్పు నీ కథ. ఈ కాగితమూ చూపించు. చూపిస్తే, తాము ఇన్నేళ్ళూ నేర్చుకున్నది ఊరి ఆట కాదనీ, ఒక ముసలిదాని అవిటికాలనీ నీ రెండొందలమందికి తెలుస్తుంది. ఆ తర్వాత ఎంతమంది మిగులుతారో లెక్కపెట్టుకో. వాళ్ళు కావాలంటే, విరిగిన వేళ్ళను బూటులోనే దాచుకో.

నన్ను అడిగితే, నువ్వు దాచుకుంటావు.

ఫోదోర్ బోర్బాలా పెట్టిన గుర్తు: ×

సాక్షులు: మాటే దేనెష్
పాల్‌ఫీ రోజాలియా