సత్యం అడిగిన రుచి

హైదరాబాదు, 2006 నవంబరు, శనివారం

"పుస్తకాలు నమిలి బతుకుతారా బావగారూ?" అని నలభై ఏళ్లు వెక్కిరించిన బావమరిది సత్యం, రామచంద్రపురం నుంచి గొంతు క్యాన్సరు వైద్యానికి వచ్చి రోజుకో హోటలుకు నన్ను లాక్కుపోతున్నాడు. మొన్న చైనా, నిన్న థాయి, ఇవాళ జపాను.

"ఎలా ఉందండీ? మీరు చదివినట్టే ఉందాండీ?" అని ప్రతి ముద్దకీ అడుగుతుంటే, ఎగతాళి అనుకుని కసిగా వంకలు పెట్టాను. థాయి వాళ్లు కొబ్బరిపాలను నిమ్మగడ్డి వేసి పాడుచేశారన్నాను. ఇవాళ పచ్చి చేప చూసి, "పులసని ఇలా వడ్డిస్తే మీ అక్క వీళ్లని గోదాట్లోకి నెట్టేసేది" అన్నాను. పొలమారేలా నవ్వాడు.

తర్వాత చూస్తే, ఒట్టి ఉప్పులాంటి నల్ల సాసును చారులా అన్నంలో పోసుకుని తినేస్తున్నాడు.

"ఉప్పు తెలియట్లేదురా?"

"గొంతుకి కరెంటు పెట్టాక ఏదీ తెలియట్లేదండీ. మీరు తిట్టిపోస్తుంటేనే తిన్నట్టుంటోంది. జాలిపడి బాగుందనేయకండేం."

చదివిన చదువంతా ఉండీ మూడు రోజులుగా అది పసిగట్టలేకపోయాను. వాడి వెక్కిరింపుల మీద కోపం ఇంకా పోలేదు, పోనివ్వను కూడా.

రేపు మలేషియా హోటలట. అక్కడ వంట నిజంగానే బాగుంటే వాడికి ఏం చెప్పాలో తోచక పడుకోలేకపోతున్నాను.