తనంతట తానే ఆగిన గ్రైండరు

కోయంబత్తూరు, సింగానల్లూరు, మిల్లు వెనక వీధిలో కాపురముంటున్న, కీర్తిశేషులు మరుదాచలం గారి భార్య తెయ్వానై అమ్మాళ్ అనే నేను, డెబ్బై తొమ్మిదేళ్ళ దాన్ని, స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ బతిమాలాటా లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. మోకాళ్ళు పోయాయి గానీ బుర్ర పోలేదు. అనుమానముంటే నిన్నటి సాంబారులో ఉప్పెంత తక్కువైందో వచ్చి అడగండి, చెబుతాను. ఇంతకు ముందు రాసిన వీలునామాలుంటే అవన్నీ రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు చిన్నసామి గారిది.

1. పెరట్లో ఉన్న రాతిరోలు, పొత్రం ఎవరికీ ఇవ్వడం లేదు. పదకొండుమంది ఇంట్లో పన్నెండేళ్ళు దాని ముందు కూర్చున్నాను. మా అత్త నాచ్చమ్మాళ్ పక్కన నిలబడి, "చెయ్యాడుతోందా, నిద్రపోతోందా?" అనేది. ఇంకే ఆడపిల్లా దాని ముందు కూర్చోకూడదు. బోర్లించి, చెప్పులు విప్పుకోవడానికి పీటలా వాడుకోండి.

2. మా ఆయన షెడ్డులో తన చేతుల్తో చేసిన మొదటి గ్రైండరు. లోకంలో మొదటిదో కాదో నాకు తెలీదు, మా వీధికి మొదటిది. మిల్లులో ఫిట్టరు పని చేసొచ్చి, ఏడాదిపాటు దానితో కుస్తీ పట్టారు. స్విచ్చి వేసిన రోజు, అబ్బబ్బ, ఏం చెప్పమంటారు! రాయి దానంతటదే తిరుగుతోంది, నేను ఊరికే నిలబడి ఉన్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. గుళ్ళోకొచ్చినట్టు జనం చెప్పులు బయట వదిలి లోపలికొచ్చారు. మా అత్త కర్పూరం వెలిగించి హారతిచ్చింది.

అంత చేసీ ఆ రోజు పిండి పాడైపోయింది. రోటి దగ్గర మా భుజం లాగేస్తే మినప్పప్పు నలిగిందని లెక్క. అందరు ఆడవాళ్ళకీ అదే గడియారం. ఇప్పుడెవరి భుజమూ లాగలేదు కదా, ఎప్పుడాపాలో ఒక్కరికీ తెలీలేదు! నోళ్ళు తెరుచుకుని చూస్తూనే ఉన్నాం. రాయి కాలి, పిండి వేడెక్కి, మధ్యాహ్నానికల్లా కంపు కొట్టింది. "నీది వేడి చెయ్యి, తగిలితే పిండి పాడవుతుంది" అని మా అత్త నన్నే తిట్టింది. ఆవిడ పోయేదాకా పిండిలో చెయ్యి పెట్టనివ్వలేదు. ఆ కోపం నాకింకా పోలేదు, పోగొట్టుకోను కూడా.

ఈ గ్రైండరు నా పెద్దకొడుకు వేలుసామికి. ఒరేయ్, అది తిరిగితేనే నిద్రపోయేవాడివి నువ్వు. నీకోసం పప్పు లేకుండా కూడా తిప్పాను, ఆయనకి తెలీకుండా. ఇప్పుడు నేను కాపురమున్న ఇల్లు ఎలాగూ నీ పేరనే రాసిచ్చాను.

3. మనవరాలు యాళిని తెచ్చిపెట్టిన, పేరు పెట్టి పిలిస్తే పలికే పెట్టెను పక్కింటి ఆరుక్కాణికి ఇవ్వాలి. మొదటిసారి అది "వణక్కం" అని పలకరించగానే ఆవిడ దెయ్యం అని గోడ దూకినంత పని చేసింది. ఇప్పుడేమో రోజూ వచ్చి వాన పడుతుందా అని దాన్నే అడుగుతోంది. నేను చెబితే నమ్మదు.

4. ఇక అసలు సంగతి. నా పుట్టింటి నగలమ్మి నా పేర కొన్న స్థలం, అందులోని గ్రైండర్లు చేసే షెడ్డు, లేతు మిషన్లు, పనిముట్లు అన్నీ నా స్వార్జితం. వాటిని సర్వహక్కులతో నా చిన్నకోడలు, కీర్తిశేషుడు రంగసామి భార్య సొర్ణానికి ఇస్తున్నాను. వేలుసామి దాన్ని ఫ్లాట్లు కట్టేవాళ్ళకిస్తానని మాటిచ్చాడు. ఇవ్వడానికి వాడెవరు? అది పోతే దాన్ని నడుపుతున్న సొర్ణమూ, అక్కడ పనిచేసే నలుగురు ఆడవాళ్ళూ రేపు ఏం తింటారు?

దయతో ఇస్తున్నానని ఎవరైనా అంటే నోరు మూయించండి. గ్రైండరు తనంతట తానే ఆగే ఆ చెక్క, గంట ఉన్నాయే, మా షెడ్డుకి పేరు తెచ్చినవి, అవి ఆయన ఊహ కాదు. సొర్ణానిది. అప్పటికి పెళ్ళయి నాలుగేళ్ళయిన పిల్ల. మినప్పిండి నలిగే కొద్దీ ఉబ్బుతుందని చూసి, పైన ఒక చెక్క వేలాడదీసింది. పిండి దాన్ని పైకి నెడితే అది స్విచ్చికి తగులుతుంది, మిషన్ ఆగుతుంది, గంట మోగుతుంది. ఆ మొదటి గంట వినగానే పరుగెత్తాను. పిండి తీసి చూస్తే వెన్న. పన్నెండేళ్ళు నొప్పులు పడి నా భుజం నేర్చుకున్నది ఒక చెక్కముక్కకి ఎలా తెలిసింది? ఇప్పటికీ అది ఆగిన ప్రతిసారీ పని మానేసి చూస్తాను.

ఆయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఆడపిల్ల పేరు చెబితే ఎవడు కొంటాడే" అని, ప్రదర్శనలో తన పేరిట పెట్టారు. షీల్డు వచ్చింది. అభినందించడానికొచ్చిన వాళ్ళకి సొర్ణమే కాఫీలిచ్చింది, "అంతా మామ చేతి మహిమ" అంటూ. ఆయన మంచివారు, ఆ పని మాత్రం మంచిది కాదు. నేనేం చేశాను? కుంకుమ పళ్ళెం పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను. ఇరవై ఆరేళ్ళు అలాగే నిలబడ్డాను. సొర్ణం, అమ్మిణీ, ఎదురుగా చెప్పడానికి సిగ్గేసి కాగితం మీద చెబుతున్నాను. తప్పు నాది. షీల్డు మీద ఆయన పేరు తీయించి నీ పేరు చెక్కించాలి. ఆ పని చూడాల్సింది చిన్నసామి గారు.

చదివించి విని, నాకు సమ్మతమేనని సంతకం చేస్తున్నాను.

సింగానల్లూరు, 14 జూన్ 2024
(సం.) మ. తెయ్వానై అమ్మాళ్

సాక్షులు:
1. కె. పొన్నుసామి, రిటైర్డు పోస్ట్‌మాస్టరు
2. ఎస్. వళ్ళియాత్తాళ్, టీచరు

చదువుతుండగా గుమ్మంలో నిలబడి విన్న పెద్దకొడుకు వేలుసామి, పెన్ను అడిగి తీసుకుని తన చేత్తో రాసింది:

అమ్మా, ఆ చెక్క సొర్ణం కోస్తుంటే రెండో కొస పట్టుకున్నది నేనే. నాకూ తెలుసు. షెడ్డు తనదే.
(సం.) మ. వేలుసామి