వార్తల తర్వాత ఆయన ఫోటో

మార్చి 3
కేబుల్ నడిపే రమణ వచ్చి చెప్పి వెళ్లాడు. నెలాఖరుకి పాత కేబుల్ ఆపేస్తారట. ఇక గరివిడంతా డిజిటల్ బాక్సులే. లావణ్య ఎగిరి గంతేసింది — దాని క్లాసు పిల్లల ఇళ్లలో ఎప్పుడో పెట్టించుకున్నారు. నేనడిగింది ఒకటే. విజయనగరం లోకల్ ఛానెల్ అందులో వస్తుందా?
"ఇప్పుడప్పుడే రాదొదినా" అన్నాడు, వైరు చుట్టుకుంటూ, నా మొహం చూడకుండా. ఆయన ఇంట్లోంచి వెళ్లి తిరిగి రాని కొత్తలో ఆ ఛానెల్ వాళ్లని బతిమాలి ఫోటో వేయించింది రమణే. స్నేహితుడి కోసం. అప్పటినుంచీ రోజూ, సాయంత్రం వార్తలయ్యాక...

మార్చి 9
ఫోటో వచ్చింది. చూశాను. వంట చేసుకున్నాను.

మార్చి 14
లావణ్య అడుగుతోంది, నాన్న ఫోటో గోడకుంది కదా, మళ్లీ టీవీలో ఎందుకని. ఊళ్లో వాళ్లు చూడ్డానికే అన్నాను. దానికి చెప్పనిది — గోడ మీది ఫోటో కదలదు. టీవీలోది గీతలు పడుతూ వణుకుతుంది. ఎక్కడినుంచో నడిచొచ్చి, గుమ్మంలో నిలబడి, లోపలికి రానా అన్నట్టు.

మార్చి 31
వార్తల మధ్యలో ఆగిపోయింది. చుక్కలు. హోరు. ఫోటో దాకా రానే లేదు.

ఏప్రిల్ 2
బాక్సు పెట్టారు. బొమ్మ అద్దంలా ఉంది. లావణ్య కార్టూన్లు చూసి నవ్వుతోంది. అది అలా నవ్వి చాలా రోజులైంది. ఆ వేళయ్యేసరికి నా చేయి రిమోట్ మీదికి వెళ్లింది. ఎక్కడని వెతకను.

ఏప్రిల్ 11
అంగన్‌వాడీ నుంచి వస్తుంటే కూరలమ్మే పైడమ్మ ఆపింది. "మీ ఆయన దొరికీసేడా పిల్లా? టీవీలో ఫోటో ఏట్నేదు మరి." లేదన్నాను. నమ్మినట్టు లేదు. రాత్రి ఆడబడుచు ఫోన్ — ఆవిడా అదే అడిగింది. ఫోటో పోతే మనిషి దొరికినట్టే అనుకుంటున్నారు అందరూ. ఇక ఎవరు చూస్తారు దారిలో ఆయన కోసం...

ఏప్రిల్ 19
రమణ హడావుడిగా వచ్చాడు. శృంగవరపుకోటలో కేబుల్ నడిపే స్నేహితుడు కలిశాడట. అక్కడ సంత దగ్గర టీకొట్టు ఆమె, ఆ ఫోటో మాటెత్తితే, ఒకతని గురించి ఏదో చెప్పిందట. "ఆశ పెట్టుకోకొదినా. ఓపాలి ఎల్లొద్దాం."

ఏప్రిల్ 20
కోట వెళ్లొచ్చాం. మరిచిపోకముందే రాయాలి.
టీకొట్టు ఆమె ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. సంతలో చింతపండు బస్తాలు మోసే ఒకతను రోజూ సాయంత్రం వచ్చేవాడట. గడ్డం మనిషి. టీ తాగి, వార్తలయ్యేదాకా బల్ల మీద కూర్చునేవాడట. ఈ ఫోటో వచ్చి వెళ్లాకే లేచేవాడట.
"నానేటనుకున్నానంటే, ఈ బాబు అతగాడికి సుట్టమేమో అని. ఆ గెడ్డంలో పోలిక తెల్నేదమ్మా."
బాక్సులొచ్చాక కూడా కొన్నాళ్లు వచ్చాడట. ఓ సాయంత్రం తనే అడిగాడట, ఆ ఫోటో రావడం లేదేమిటని. నువ్వేం చెప్పావని అడిగాను.
"ఇంకెందుకేస్తారు బావూ, దొరికీసుంటాడు, నేదంటే ఇంటోళ్లు ఒదిలీసుంటారు... అన్నాను."
సగం టీ అక్కడే పెట్టి వెళ్లిపోయాడట. మళ్లీ రాలేదు.
ఆయనేనా? నుదుటి మీద మచ్చ ఉందా అంటే చూడలేదంది. బస్తాల మేస్త్రీకి అతని పేరే తెలియదు. అరకు వైపు పోయుంటాడన్నాడు.

ఏప్రిల్ 21
ఆయనే అయితే — ఇన్నాళ్లూ ఆ వేళకి నేనిక్కడ, ఆయనక్కడ, ఒకే ఫోటో ముందు. మేం వెతుకుతున్నామని తెలిసీ రాలేదు. కోపం రావాలి. రావడం లేదు. మేం వదిలేశామనుకుని వెళ్లిపోయాడు... అదొక్కటే లోపల తిరుగుతోంది.

ఏప్రిల్ 23
లావణ్యకి చెప్పలేదు.

ఏప్రిల్ 26
ఇవాళ రోడ్డు మీద గడ్డం ఉన్న ప్రతి మనిషినీ చూశాను. ఒకాయన ఏం కావాలమ్మా అని ఆగాడు కూడా.

ఏప్రిల్ 30
రమణ ఫోన్. లోకల్ ఛానెల్‌కి బాక్సుల్లో చోటు దొరికిందట. రేపటినుంచి వార్తలు, ఫోటో కూడా వేస్తారట. కింద ఏం రాయాలో అడుగుతున్నారట.
"ఎప్పట్నాగే 'కనబడుట లేదు' అని ఎట్టీమంటావా?"
ఊరికైతే ఆ మాట చాలు. చూసేది ఆయనైతే?
పొద్దున చెబుతానని పెట్టేశాను. రా అంటే వస్తాడా... ఇంకా దూరం పోతాడా. పొయ్యి మీద అన్నం పొంగుతోంది. ఇంకా ఏమీ తోచలేదు.