తమ్ముడికి నువ్వు పంపిన బోర్డు

పెద్దోడా,

తమ్ముడు అడిగిన రకమే అంటూ నువ్వు ఇప్పుడు పంపిన కంప్యూటర్ మదర్‌బోర్డు నిన్న చేరింది. తమ్ముడు పోయి నెల దాటింది. ఇప్పుడు దాన్ని ఎవరు బిగిస్తారు నాన్నా?

ప్రాసెసర్ వేగం పెంచుకోవడానికి వీలయ్యే బోర్డే తెమ్మని అప్పట్లో వాడు నిన్ను ఎంత బతిమాలాడు. అలాంటిదిస్తే చదువు మానేసి దాని ముందే కూర్చుంటాడని, నువ్వు వేగం పెంచనివ్వని రకం కొన్నావు. అడిగిందే తెచ్చానని వాడి చేతిలో పెట్టావు. నేనూ నీకు వంతపాడాను.

బిగించిన రోజే వాడికి తెలిసిపోయింది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు. "పాపం అన్నకి వీటి సంగతి తెలీదమ్మా. నువ్వేం అనకు, చిన్నబుచ్చుకుంటాడు" అన్నాడు. నాకు నిజం తెలుసు, అయినా చెప్పలేదు. ఆస్పత్రిలో వాడి పక్కన అన్ని రోజులు కూర్చుని కూడా చెప్పలేదు.

నిన్న వచ్చిన ఆ పెట్టె తెరవకుండా నీకే తిరిగి పంపిస్తున్నాను. నీమీద కోపం పోలేదురా. నామీద అంతకంటే ఎక్కువ ఉంది. ఫోన్‌లో ఏడవకు, నాకు ఏం మాట్లాడాలో తెలియడం లేదు. నువ్వు పళ్ళెం ముందు నుంచి లేచిపోతున్నావని కోడలు చెప్పింది. వేళకి కడుపునిండా తిను.

అమ్మ