నున్నగా చెక్కిన బుడిపె

చెల్లాయికి,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ అమ్మ, మీ వదిన, నేను తింటున్నాం, తిరుగుతున్నాం. నువ్వూ అలాగే ఉన్నావనుకుంటున్నాను.

అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గింది. ఒప్పుకుంటే మేడ మెట్లు ఎక్కమంటామని ఇంకా కుంటుతూనే ఉంది. మీ వదిన కుట్టుమిషన్ బాగైంది, దాని రొదకి నా చెవులే పాడయ్యాయి.

ఇక విల్లు సంగతి. "నీ రెండేళ్ల కష్టం విరగ్గొట్టాను, క్షమించు అన్నయ్యా, ఇక విల్లు ముట్టుకోను" అని రాశావు. నాలుగు రోజులుగా ఆ కాగితం జేబులోనే ఉంది. తీసి మళ్లీ చదవాలంటే భయంగా ఉంది.

జామకర్రతో విల్లేమిటని మా వడ్రంగి షాపులో అందరూ వేళాకోళం చేశారు. నిలువెత్తు విల్లు, మంచి కండగలవాడు కూడా ఆయాసపడేంత బిగువు, నువ్వడిగినట్టే చేసి చూపిస్తానని పంతం పట్టాను. విల్లు వీపున, అంటే లాగేవాళ్లకి అవతలి వైపున, కర్ర పొర ఈ కొస నుంచి ఆ కొసకి తెగకుండా ఉండాలి, తెగితే విల్లు నిలవదు. బుడిపె ఉంటే దాన్నలాగే వదిలెయ్యాలి. నాదా, ఇరవై ఏళ్లుగా బల్లలు చేసిన చెయ్యి. ఎగుడుదిగుడు కనిపిస్తే ఊరుకోదు. పిడికి జానెడు పైన ఉన్న బుడిపె మీద చిత్రిక ఒక్కసారి లాగాను. నున్నగా వచ్చింది. పొర తెగింది.

అప్పుడే పారెయ్యాల్సింది. మనసొప్పలేదు. దాని మీద తోలు పట్టీ అంటించాను. "ఎంత ముద్దుగా ఉందో, సోకు కోసం వేశావా?" అని నువ్వు మురిసిపోతే, అవునన్నాను.

సరిగ్గా అక్కడే విరిగింది. నీ చెంప చీరుకుపోయింది. హద్దు మీరి లాగావని మీ విలువిద్య కోచ్ గారు నిన్ను జట్టులోంచి తీసేశారు. "నేనే ఎక్కువ లాగానా?" అని నువ్వడిగితే, "నీ దుడుకు నాకు తెలియనిదా" అని రాశాను. ఆ మాట రాసేటప్పుడు నాకు అంతా తెలుసు చెల్లాయీ. నా పనితనానికి మాట రాకూడదని నీ మీదకి నెట్టాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఈ ఉత్తరం కోచ్ గారికి చూపించు. ముక్కలు పారెయ్యకపోతే, ఆ తోలు ఊడదీసి చూడమను. నన్ను కాపాడాలని నువ్వు దాచేస్తావేమోనని, ఇంకో ప్రతి నేరుగా ఆయనకే పోస్టు చేశాను.

అమ్మకి కూడా చెప్పేశాను. నాతో మాట్లాడటం మానేసింది. నువ్వు నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. మళ్లీ విల్లు పట్టుకున్నానని అమ్మకి ఒక్క ముక్క రాయి. అమ్మ నాకు చెప్పదు గానీ, మొహం చూసి తెలుసుకుంటాను.

ఇట్లు,
నీ మీద తప్పు మోపిన
అన్నయ్య