నాపరాయి కింద చప్పుడు

వినుకొండ, మంగళవారం, మే 1986

ఇవాళ గెలిచాను. నెలరోజులుగా పైవీధి కుళాయిలకు నీళ్ళు ఎక్కడం లేదు. కిందివీధి మలుపులో మాత్రం నేల ఎప్పుడూ తడే. పైపు అక్కడే పగిలిందని మా వాటర్ వర్క్స్ ఫిట్టర్ మస్తాన్ భాయ్ మూడుసార్లు తవ్వాడు. మూడుసార్లూ పైపు చెక్కుచెదరకుండా ఉంది.

భూమిలో నీళ్ళు కారే చప్పుడు వినిపించే మిషన్ ఒకటి గుంటూరు నుంచి అడిగి తెచ్చాను. పొద్దున దాన్ని వీధి పొడవునా ఆనించుకుంటూ పోతే, మలుపుకు ఎగువనున్న సుబ్బమ్మత్త గడప ముందు, పొడిగా ఉన్న నాపరాయి మీద హోరుమంది.

"తడి ఆడుంటే ఈడ తవ్వుతారేంది?" అని ఆమె చీపురుతో అడ్డం నిలబడింది. మస్తాన్ భాయ్ కూడా తల అడ్డంగా ఊపాడు. తప్పయితే ఈ వీధిలో మళ్ళీ తలెత్తుకోలేనని నా భయం.

అయినా నాపరాయి లేపి తవ్వించాను. మోకాటిలోతున పైపు పగిలి ఉంది. నీళ్ళు కింది రాతిపొర మీదుగా జారిపోయి మలుపులో తేలుతున్నాయి. అతుకేసి పూడ్చాక, సాయంత్రానికి పైవీధిలో బిందెలు నిండాయి.

మస్తాన్ భాయ్ మాత్రం గునపం కడిగి పక్కన పెట్టేశాడు. ఇన్నేళ్ళూ గునపానికి చెవి ఆనించి లీకులు పట్టిన మనిషి. చిన్నబుచ్చుకున్నాడేమో అనుకున్నాను. అంతలో తనే మిషన్ అడిగి తీసుకుని, పూడ్చిన చోట కూర్చుని చాలాసేపు విన్నాడు.

"ఏం ఇనపట్టంలా సార్. మిషన్ చెడిపోయిందేమో," అన్నాడు దిగులుగా.

"చెడిపోలేదు భాయ్. అతుకేసింది మీరు గదా," అన్నాను.

అప్పుడు నవ్వాడు. మిషన్ చంకన పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు. రేపు దాన్ని గుంటూరు పంపాలి. ఎట్లా అడగాలో...